అత్తయ్య చెవులు

పరాయి దేశపు మ్యూజియంవాళ్లు శిల్పం చేయమని నన్ను పిలిపించి, వెనకవైపు ఓ పెద్ద గది ఇచ్చారు. అందులో మట్టితో మా అత్తగారి తల చేస్తున్నాను. ఎల్లుండే ప్రదర్శన. ఇక చెవులే మిగిలాయి.

"చెవులెప్పుడు పెడతావ్?" అన్నారు మా ఆయన ఫోన్లో.

"రేపు. అందాకా అత్తయ్యకు వినపడదుగా, ఆవిడ వంట గురించి నాలుగు మాటలు అననివ్వండి."

బొమ్మ ముందే నిలబడి కరువుతీరా అనేసి, గదికి తాళం వేసి, నవ్వుకుంటూ భోజనానికి వెళ్లాను.

సగం తిన్నాక ముద్ద వదిలేసి లేచాను. బొమ్మకు తడిగుడ్డ చుట్టడం మర్చిపోయాను! ఆరితే తెల్లారేసరికి బీటలు వారుతుంది. నెలరోజుల కష్టం మట్టిపాలే.

పరుగున వచ్చి తాళం తీశాను. బొమ్మకు గుడ్డ చుట్టి ఉంది. ఇంకా నీళ్లు కారుతున్నాయి. కాపలా ఆయన చలవే అనుకున్నాను, ప్రాణం లేచొచ్చింది. ఆ గదికి ఉన్న ఒకే ఒక్క తాళంచెవి నా దగ్గరే ఉందన్న సంగతి తర్వాత గుర్తొచ్చింది.

గుడ్డ విప్పాను. రెండు చెవులూ ఉన్నాయి. బరువు కమ్మలకు సాగిన తమ్మెలతో సహా అచ్చం అత్తయ్యవే. నిజం చెప్పొద్దూ, నాకైతే అంత బాగా కుదరవు.

మళ్లీ ఫోన్ చేశాను. "ఏమండీ, చెవులొచ్చేశాయి."

"భలే! ఇంతకీ మా అమ్మ వంట సంగతి ఎక్కడిదాకా వచ్చింది?"

"కాస్త మెల్లగా మాట్లాడండి," అన్నాను.

నా వెనక బకెట్లో ఎవరో ఇంకో గుడ్డ ముంచి, నింపాదిగా పిండుతున్నారు.