అమ్మ అలమరలో అలిగోతే

కొడుకు సంచీలోంచి ఐదు సీసాలు బయటపడేసరికి వీరాయమ్మ చేతిలో చీపురు పైకి లేచింది.

"ఈ గుమ్మంలోకి సారా రాకూడదని మీ నాన్న పోయిన రోజే చెప్పేనా లేదా?"

"సారా కాదమ్మా, వైను. ఫ్రాన్సు తెల్ల ద్రాక్షలది," అన్నాడు లోవరాజు.

"ద్రాక్షయితేనేం, తాటిచెట్టయితేనేం. తాగితే తూలుతారా లేదా?"

తూలుతారని ఒప్పుకోక తప్పలేదు. చీపురుకి అందనంత దూరంలో నిలబడి అసలు సంగతి చెప్పుకొచ్చేడు. ఓడలో ప్లేట్లు కడిగే తనకి నెల్లాళ్ళలో బొంబాయిలో పరీక్ష. ఐదు గ్లాసులు ముందు పెట్టి, ఏది ఏ ద్రాక్షదో వాసన పట్టి చెప్పమంటారు. నెగ్గితే పైఅంతస్తులో వైను వడ్డించే ఉద్యోగం, లేకపోతే మళ్ళీ ఓడ అడుగున అంట్లే. పేరున్న ద్రాక్షలైతే ఎవడైనా చెబుతాడని, ఫ్రాన్సులోనే సగంమంది వినని రకాలు ఏరి మరీ పెడతారట. ఓడలో వడ్డనకి పెద్దైన స్టీవార్డు జాలిపడి, సాధన చేసుకోమని ఈ ఐదూ ఇచ్చేడు.

"తాగనమ్మా. వాసన చాలు."

వాసన చాలునన్న సంగతి వీరాయమ్మకి ఒకరు చెప్పక్కర్లేదు. కొత్తపేట చుట్టుపక్కల సంతర్పణలకి వంట ఆమెదే. నైవేద్యం కాకుండా రుచి చూస్తే ఎంగిలవుతుంది కనక, పులుసులో ఉప్పు నలభై ఏళ్ళుగా ముక్కుతోనే తేలుస్తోంది. కాసేపు ఆలోచించి షరతులు పెట్టింది. సీసాలు తన ఊరగాయల అలమరలో ఉంటాయి. తాళంచెవి తన బొడ్డునే ఉంటుంది. రోజూ పొద్దున్న తనే గిన్నెల్లో పోసి ఇస్తుంది. చుక్క నాలిక్కి తగిలిందంటే గోదాట్లో పారేస్తుంది. సీసాలనా, తననా అని లోవరాజు అడగలేదు.

ఆ సాయంత్రం మూతలు తీసి, కాస్త కాస్త గిన్నెల్లో పోసుకుని, ద్రాక్షల వాసనల పుస్తకం పట్టుకు కూర్చున్నాడు. ఘాటుకి ముక్కు అదిరింది గానీ వాసన ఒక్కటీ అందలేదు. జాకేర్ అనే ద్రాక్షకి చెకుముకిరాయి వాసనని రాసుంది. రాయికి వాసనేమిటో వాడికి అర్థం కాలేదు. వీరాయమ్మ గిన్నెలు ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టుకుంది. అలిగోతే అన్న ద్రాక్షది పచ్చి జామకాయ వాసనంది. పిక్‌పూల్ దబ్బపండు తొక్కంది. రూసాన్ తేనె, జాకేర్ వానకి తడిసిన గడ్డి. సావన్యాన్ దగ్గర మాత్రం కాస్త ఆగింది.

"ఒరే, ఇది మన మెంతులేరా."

ఆ మాటతో వాడి ముక్కు తెరుచుకుంది. మర్నాటినుంచి వాడు లేచేసరికే వీరాయమ్మ పెరట్లోంచి వచ్చి ఐదు గిన్నెలూ వరస మార్చి పెట్టేది. మొదట్రోజు ఘాటు మళ్ళీ తగల్లేదు, అలవాటైందనుకున్నాడు. మొదటి వారం రెండు చెప్పేడు, రెండో వారం నాలుగు. మూత తీసిన సీసా నాలుగు రోజుల్లో వాసన పోగొట్టుకుంటుందని పుస్తకంలో ఉంది. ఇవి మాత్రం నెలాఖరుకి కూడా కొత్తగానే ఉన్నాయి. అమ్మ చేతి చలవే అనుకుని మురిసిపోయేడు.

పరీక్ష అవగానే బొంబాయినుంచి పక్కింటి సత్యానందం గారికి ఫోన్ చేసి అమ్మని పిలిపించేడు.

"ఐదుకి ఐదూ చెప్పేనమ్మా. మిగతావాళ్ళు రెండు దాటలేదు. ఈ ముక్కు ఎక్కడ సంపాదించేవని పరీక్ష పెట్టిన ఫ్రెంచి దొర అడిగేడు. మా అమ్మ దగ్గరన్నాను."

అవతల వీరాయమ్మ ముక్కు చీదుకుంటున్న చప్పుడు వినిపించింది.

"ఆ సీసాలు పారబొయ్యకమ్మా. నా అదృష్టం అందులో ఉంది. గుర్తుగా దాచుకుంటాను."

"సీసాలు కడిగి బోర్లించేనురా," అంది వీరాయమ్మ. "లోపలిది మొదట్రోజు రాత్రే అరటిపాదులో పారబోసేసేను. నెల్లాళ్ళూ నువ్వు వాసన చూసింది మన పెరటి జామకాయా, దబ్బతొక్కా, తేనే, తడిగడ్డీ, మెంతులూ నానేసిన నీళ్ళు."