పిడుగుచెయ్యికి శత్రువు

ఆదివారం పలకల గనిలో మనిషన్నవాడు లేడు. అందరూ ప్రార్థనకు పోయినారు. సుందరరాజు ఒక్కడే దిగినాడు, దొంగలాగ.

ఏబేలు ఎంచి పెట్టుకున్న రాయి మీద తడి గోనెలు కప్పి ఉన్నాయి. ఒక్కొక్కటే లాగి పక్కన పడేసినాడు. మార్కాపురం ఎండ, అందులోనూ వైశాఖమాసం. నల్లరాయి చూస్తుండగానే బూడిదరంగుకు తిరిగింది.

పలకరాయి సంగతి గనిలో పుట్టినోళ్ళకు చెప్పక్కరలేదు. తడి ఉన్నంతసేపే అది పొరలుపొరలుగా విడిపోతుంది. ఒకసారి ఎండిందా, మళ్ళీ తడిపినా లాభం లేదు, ఉలి పెడితే పెంకులుపెంకులుగా పగులుతుంది.

రేపు పందెం. ఏబేలు ఓడిపోవాల. సుందరరాజుకు ఇంకో కోరిక లేదు.

ఏబేలంటే ఎవరనుకున్నారు? పంతొమ్మిదేళ్ళ పిల్లగాడు. పిడుగుచెయ్యి అని పేరు. రాయికి చెవి ఆనించి వింటాడు, ఒక్క దెబ్బ కొడతాడు, అది తమలపాకుల కట్ట విప్పినట్టు విచ్చుకుంటుంది. ఎవరికి ఆపదొచ్చినా ముందు తనే దూకుతాడు. రెండేళ్ళ కింద గని కూలితే, నలుగురు కదపలేని బండను భుజంతో ఎత్తిపట్టి సుందరరాజును బయటికి లాగినాడు. సుందరరాజు నాయన కోసం మళ్ళీ చెయ్యి పెట్టేలోపల బండ కూర్చుండిపోయింది. ఆ నాయన తప్ప సుందరరాజుకు లోకంలో ఎవరూ లేరు.

అప్పటినుంచి ఏబేలుతో మాట్లాడింది లేదు. "ప్రాణం పోసినోడి మీదనే పగబట్టినాడు చూడమ్మా," అని ఊరంతా ఆడిపోసుకుంది. సుందరరాజు కాదనలేదు.

మొన్న మద్రాసు నుంచి ఏజెంటు బ్రహ్మం వచ్చినాడు. జర్మనీ యుద్ధం రోజులవి. గుడ్డకూ గంజికీ కటకట. అచ్చుకాగితం ఒకటి గాల్లో ఆడించినాడు.

"మద్రాసులో మేస్త్రీ పని. రెండుపూటలా వరిబువ్వ. ఈ గనికి ఒక్కడే. గట్టి చెయ్యి ఎవరిదో పందెమేసి తేల్చుకోండి. ఆ ఒక్కణ్ణి తీసుకోకుండా నేను కదిలేది లేదు, దొరల హుకుం."

కాగితం చేతులు మారింది. దేశమంతటి పిల్లలకూ పలకలు పంపే గని అది. అందరూ దాన్ని తిరగేసి మరగేసి, దొర ముద్ర చూసి మురిసిపోయినారు. సుందరరాజు చేతిలో మాత్రం కాసేపు ఆగింది. ఏబేలును ఓడించాలని అప్పుడే అనుకున్నాడు.

ఆ ఆదివారం పొద్దు వాలినాక గోనెలు తడిపి, ఎట్లున్నవి అట్లనే కప్పేసినాడు.

సోమవారం ఏబేలు రాయికి చెవి ఆనించినాడు. నొసలు ముడిచినాడు. మళ్ళీ ఆనించినాడు. కొట్టినాడు.

రాయి పెంకులైంది.

మిగతావాళ్ళ రాళ్ళు ఐదారు పలకలు దాటలేదు. సుందరరాజు రాయి తొమ్మిది పలకలుగా విడిపోయింది.

బ్రహ్మం వేలిముద్రకని సిరాబుడ్డి తీసినాడు. సుందరరాజు కలం అడిగినాడు. బ్రహ్మం అతని మొహంలోకి ఒకసారి చూసి, ఇచ్చినాడు.

బండి కదలబోతుంటే మేస్త్రీ ఆదినారాయణ పెంకు ఒకటి విరిచి తడిమినాడు.

"ఎవడో ఎండబెట్టినాడ్రా దీన్ని!"

"నేనే మామా," అన్నాడు సుందరరాజు బండి మీద నుంచి.

జనం భగ్గుమన్నారు. పందెం మళ్ళీ పెట్టాలన్నారు. "రాత అయిపోయింది, ఇంక మార్చేది లేదు," అన్నాడు బ్రహ్మం.

ఏబేలు తల్లి సంతోషమ్మ గుప్పెడు మన్ను ఎత్తి అతని మీద పోసింది. "ఆ పొద్దు నా బిడ్డ నిన్ను బండ కిందనే వదిలేసి ఉండాల్సిందిరా! నా కొడుకు నోటికాడి బువ్వ లాక్కుంటివి కదరా! మళ్ళీ ఈ ఊరి మొహం చూడవురా నువ్వు!"

"చూడన్లే పెద్దమ్మా," అన్నాడు.

ఏబేలు అటు తిరిగి నిలబడినాడు. బండి దొనకొండ స్టేషన్ దోవ పట్టిందాకా ఇటు తిరగలేదు.

ఆ గని మొత్తంలో అక్షరమ్ముక్క వచ్చినోడు సుందరరాజు ఒక్కడే. ఆ అచ్చుకాగితంలో మేస్త్రీ పని అనే మాటే లేదు, ఓడెక్కి యుద్ధానికి పోయే కూలి అక్కడే చచ్చిపోతే కబురు ఎవరికి పంపాలో రాయమని ఒక ఖాళీ గడి ఉంది, దాంట్లో అతను ఏబేలు పేరు రాసినాడు.