ముక్కలు చెయ్యొద్దు

“కమిషను వాళ్ళకి ముందు న్యాగుడి పేరు చెప్పండి పెద్దాయనా. లైను ఎలా ఆపేశాడో తర్వాత,” అన్నాడు లాయరు మకోరి.

“వాడి పేరు మర్చిపోతానా బాబూ. నా పొట్ట కొట్టినోడు,” అన్నాడు ఒంబురా.

న్యాగుడి, తాయి అనే ఫోన్ కంపెనీలో ఏరియా ఆఫీసరు. జనానికి ఫోన్లో డబ్బు వేసి, తీసిచ్చే కొట్టు ఒంబురాది. పక్క వీధిలో న్యాగుడి బావమరిది అలాంటి కొట్టే పెట్టాడు. వారం తిరక్కుండా ఒంబురా లైను ఆగిపోయింది. అందులో ఇరుక్కున్న ఎనభయ్యారు వేల నాలుగొందల షిల్లింగులు ఇంతవరకూ రాలేదు. ఫోన్లూ తాయివే, ఫోన్లో డబ్బూ తాయిదే. ఇంక ఎవరితో చెప్పుకుంటాడు?

ఆ కంపెనీని ఫోన్లకొకటి, డబ్బుకొకటిగా విడగొట్టాలా వద్దా అని జనాన్ని అడగడానికి సర్కారు కమిషను కిసుము ఊరికి వచ్చింది. టౌన్ హాలు వరండాలో ఒంబురా ఫోన్ తీసి, డబ్బు పంపే చోట ఒక నంబరు కొట్టాడు. తెర మీద పేరు వచ్చింది: ఆకెయో ఒంబురా. కాసేపు చూసి, పంపకుండానే ఆపేశాడు.

“ఎవరికి?”

“మా ఆవిడకి.”

“పంపలేదేం?”

“పేరు ఉందో లేదో చూసుకున్నా.”

“రోజూ మారిపోతుందేంటి?” మకోరి నవ్వాడు. ఒంబురా ఫోను జేబులో పెట్టుకుని లోపలికి నడిచాడు.

లోపల కమిషను పెద్దావిడ చెబుతోంది. విడగొడితే ప్రతివాళ్ళూ గుర్తింపు కార్డు పట్టుకుని స్వయంగా వచ్చి, కొత్త కంపెనీలో మళ్ళీ వేలిముద్ర వెయ్యాలట.

“రాకపోతేనమ్మా?” ఒంబురా లేచి అడిగాడు.

“నంబరు రద్దు. ఇంకొకరికి ఇచ్చేస్తారు.”

ఒంబురా మైకు అందుకున్నాడు.

“తాయికి జరిమానా వెయ్యండి. ముక్కుతాడు వెయ్యండి. న్యాగుడిని జైల్లో పెట్టండి. కంపెనీని మాత్రం ముక్కలు చెయ్యొద్దు.”

“ఎంత ముట్టిందయ్యా?” వెనక నుంచి ఎవరో అన్నారు.

“ఎంతో ఎందుకు, కొత్త ఫోనొకటి చేతిలో పెట్టుంటార్లే,” అంది ఇంకో గొంతు.

బయటికి రాగానే మకోరి నిలదీశాడు.

“వారం రోజులు మీ కాగితాలు మోశాను. ఎవరు బెదిరించారు?”

“ఎవరూ లేరు బాబూ. మా ఆవిడ నంబరు పోతుంది.”

“దానికా ఇంత రభస? పుట్టింటికి గానీ వెళ్ళిందా?”

“లేదు. ఇంటి దగ్గరే.”

“మరింకేం? ఒక్కసారి తీసుకొస్తే ఐదు నిమిషాల పని.”

ఒంబురా బస్సెక్కాడు. ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది. చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, ఫోను పట్టుకుని బయటికొచ్చాడు.

గుమ్మానికి ఎడమ పక్క, ఆకెయో సమాధి దగ్గర కూర్చున్నాడు.