రిస్క్ కమిటీలో మెత్తడుగు

మెత్తడుగు తెరవలేని తాళం ఈ భూమ్మీద ఇంకా తయారు కాలేదు. కావాలంటే పందెం కాసుకోండి. పగలు ఆయన తాళాల మేస్త్రి. మిగతా వేళల్లో ఏం చేసేవాడో ఆయన పేరే చెబుతుంది. ఎండుటాకుల మీద నడిచినా ఆ చప్పుడు ఆకులక్కూడా వినపడేది కాదు.

అలాంటివాడు ఈసారి గోడ దూకలేదు. కరెంటు సంస్థ కమిటీలో చేరాడు.

పట్నమంతటికీ కరెంటు పంచే గ్రిడ్ సంస్థ అది. దానికొక రిస్క్ కమిటీ ఉంది. ఏ ముప్పు ఎటునుంచి వస్తుందో ముందే ఊహించి అందరి తరఫునా భయపడడం దాని పని. అందులో వినియోగదారుల కుర్చీ ఒకటి ఖాళీ అయితే, దరఖాస్తు పెట్టింది మెత్తడుగు ఒక్కడే. ముప్పుల్లో అనుభవం ఉందా అని అడిగితే, పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ వాటితోనే కాపురమన్నాడు. అబద్ధం కాదు గదా!

"కుర్చీలో కూచుని కన్నం వేస్తావా బావా?" బావమరిది పొట్ట పట్టుకుని నవ్వాడు.

"నవ్వరా, నవ్వు. నగల బజారులో పెద్ద కొట్టు అలారం కరెంటు మీదే మోగుతుంది. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. షట్టరు బాగుచెయ్యడానికి వెళ్ళినప్పుడు నేనే చూశా. ఆ బజారు సబ్‌స్టేషన్ని గంటసేపు ఆపించామనుకో, తాపీగా వెళ్ళి తాపీగా రావచ్చు. నా మోకాళ్ళకి ఇంక గోడలు పడవురా."

వంటగదిలోంచి భార్య గొంతు లేచింది. "ఈసారి దొరికారో, జైలుకి క్యారియరు తెచ్చేది లేదు. మా అమ్మ దగ్గరికి పోతా. పోతూ పోతూ వీణ్ణి కూడా తీసుకుపోతా."

మెత్తడుగు లెక్క వేసుకున్నాడు. బావమరిది పోతే పోయాడు, ఆ క్యారియరు లేకపోతే జైల్లో మనిషి బతుకుతాడా?

కమిటీ గదిలో గోడ నిండా మిణుకుమనే గ్రిడ్ పటం, కింద పొడుగాటి బల్ల. అధ్యక్షురాలు రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. ముడి నిండా హెయిర్‌పిన్నులు, ముక్కు చివర కళ్ళజోడు. ఆవిడ ఒక చూపు చూస్తే పక్కనున్న ఆడిటరు కూడా చేతులు కట్టుకునేవాడు. ఏ విషయం ఎత్తినా ముందు ఆవిడ నోట ఒకటే మాట.

"ఇందులో సొంత లాభం ఉన్నవాళ్ళు చేతులెత్తండి నాయనా. ఎత్తినవాళ్ళు వెళ్ళి వరండాలో కూచోండి."

అది సంస్థ నియమం. ట్రాన్స్‌ఫార్మర్లు కొనే సంగతి రాగానే ఇంజినీరు చెయ్యెత్తాడు. అవి అమ్మేది ఆయన తోడల్లుడట. బుద్ధిగా వరండాలోకి పోయి కూచుని, ఆ సంగతి తేలాకే లోపలికొచ్చాడు. ఇంత నిజాయితీ ఒక్కచోట మెత్తడుగు పుట్టి ఎరగడు.

తన వంతు రాగానే గొంతు సవరించుకున్నాడు. "నగల బజారు సబ్‌స్టేషన్ తెగ వేడెక్కుతోందండీ. గంటసేపు ఆపి చూడకపోతే ఏదో ఒకరోజు పేలుతుంది."

"సొంత లాభం?" అంది అధ్యక్షురాలు.

చేతులన్నీ బల్లకి అతికించినట్టున్నాయి.

"గంటేం సరిపోతుంది? రెండు గంటలు ఆపుదాం" అన్నాడు ఇంజినీరు. "ఆదివారం మధ్యాహ్నమైతే కొట్లు కూడా మూసుంటాయి."

"సిగ్నళ్ళు ఆరిపోతాయే!" ఆడిటరు బెంగపడ్డాడు. "పోలీసులందర్నీ పెద్ద కూడలి దగ్గర నిలబెట్టాలి. బజారులో ఒక్కడు కూడా ఉండకూడదు."

"ఎవరైనా చీకట్లో ఇరుక్కుంటే? వెనక సందు గేటు తీసుంచాలి" అంది అధ్యక్షురాలు. "కాపలావాళ్ళకి ఆ పూట సెలవిప్పిద్దాం. ఫ్యాన్ల్లేకపోతే ఉడికిపోతారు పాపం."

మెత్తడుగు నవ్వాపుకోలేక మూడు గ్లాసుల నీళ్ళు తాగాడు.

"అమాయకులే, ఒట్టి అమాయకులు!" ఇంటికొచ్చి భార్యతో గంతులేస్తూ చెప్పాడు. "ఒక్క ఇనప్పెట్టె మాత్రం నాకు మిగిల్చారు. ఇంకో మీటింగు జరిగుంటే అది కూడా తెరిచి పెట్టేవాళ్ళు."

భార్య నవ్వలేదు. క్యారియరు గిన్నెలు తోమి అటక మీద పెట్టేసింది.

ఆదివారం అనుకున్న వేళకి కరెంటు పోయింది. సందు గేటు బార్లా తీసి ఉంది. పోలీసు లేడు, కాపలా లేదు. బావమరిదిని సంచితో గేటు దగ్గర నిలబెట్టి, మెత్తడుగు పెద్ద కొట్లోని కిటికీల్లేని లోపలి గదిలోకి జారుకున్నాడు. చేత్తో తడిమితే ఇనప్పెట్టె తలుపు ముందే తెరుచుకుని ఉంది.

మొహం మీద టార్చి వెలుగు పడింది. మెత్తడుగు కళ్ళ ముందు అటక మీద క్యారియరు కదిలింది. అయిపోయింది. బతుకంతా జైలు కూడే!

టార్చి పక్కకి తిరిగింది. ఆ మూల ఇంజినీరు, చంకలో గోనెసంచి. ఈ మూల ఆడిటరు, చేతిలో గునపం. ముగ్గురూ ఒకర్నొకరు చూసుకున్నారు.

"ఇందులో సొంత లాభం ఉన్నవాళ్ళు చేతులెత్తండి నాయనా" అంది టార్చి వెనకనుంచి ఒక గొంతు.

ఇంజినీరు చెయ్యెత్తాడు. ఆడిటరు ఎత్తాడు. మెత్తడుగు ఎత్తాడు. టార్చి పట్టుకోని చెయ్యి కూడా మెల్లగా పైకి లేచింది.

"అందరం వరండాలోకి పోతే పనెవరు చేస్తారు? ఈ ఒక్కసారికీ మినహాయింపు. కోరం ఉంది, కానివ్వండి."

మెత్తడుగు తెరవలేని తాళం లేదని మొదట్లో కోతలు కోశానే, అదొక్కటే నా కల్పన. పోయినసారి ఆయన దొరికిందే అలాంటి పెట్టె ముందు చెమటలు కక్కుతూ. ఈ పెట్టె తెరిచింది మాత్రం హెడ్‌మిస్ట్రెస్‌గారి ముడిలోని హెయిర్‌పిన్ను.