ఏ కంపెనీలో చేరాలి

రిటైరైన బస్సు డ్రైవరు రెండు ఆఫర్ లెటర్లనూ మంచం మీద పక్కపక్కన పరిచాడు. కొత్తగా పైలట్ అయిన కూతురు ఎదురుగా కూర్చుంది.

“పెద్ద కంపెనీ అయితే పేరొస్తుంది. కానీ నెలకోసారైనా ఇంటికి పంపుతారో లేదో! చిన్నదైతే రోజూ వచ్చెయ్యొచ్చు. నువ్వేమంటావే తల్లీ?”

“నువ్వు ఏదంటే అదే నాన్నా.”

గంటసేపు తర్జనభర్జన పడి ఆయన చిన్న కంపెనీ కాగితం ఆమె చేతిలో పెట్టాడు. “ఇదే ఖాయం. బస్సయినా విమానమైనా డ్యూటీ దిగాక ఇల్లు చేరాలి. ఇప్పుడే జవాబు రాసెయ్.”

ఆమెకు గుండెజబ్బు ఉందని, ఇక విమానం నడపకూడదని డాక్టరు ఆ పొద్దున్నే తేల్చేశాడు. చేరలేనని ఆమె రెండు కంపెనీలకూ అప్పుడే రాసేసింది. తండ్రికి మాత్రం ఇంకా చెప్పలేదు.

కాగితాన్ని మళ్లీ ఆయన ముందే పెట్టింది.

“ఇంకోసారి ఆలోచించు నాన్నా. తొందరేం లేదు.”