కూత కడ్డీకి ఉంగరం

ఎల్లుండి ఆ పాత ఆవిరి ఇంజన్ మళ్ళీ మెయిన్ లైన్ ఎక్కుతుంది. దాన్ని బాగుచేస్తూ మా ఆయన డెస్మండ్ ఇన్నేళ్ళూ వేళకి ఇంటికి రాకపోతే, నా ఆదివారం వంటలన్నీ బల్ల మీదే చల్లారాయి. పనిలో దిగేముందు పెళ్ళి ఉంగరం తీసి జేబులో వేసుకుంటాడు. ఈ రాత్రి జేబులో లేదు.

"ఇంజన్‌లోనే పడుంటుంది. పొద్దున చూస్తాలేవే," అని అటు తిరిగి పడుకున్నాడు.

"దాని దగ్గర ఒక్క రాత్రి కూడా ఉంచను!"

టార్చి పట్టుకుని నేనే వెళ్ళాను. మా పెరటి గోడ అవతలే షెడ్డు. ఇంజన్‌కి నిప్పు రేపుగాని వెయ్యరు. చప్పుడన్నది లేదు.

ఉంగరం ఇంజన్‌లో, లాగితే కూత వేసే సన్నటి కడ్డీకి తొడిగి ఉంది. కడ్డీ రెండు చివర్లూ ఇనుములో బిగించి ఉన్నాయి. విప్పకుండా దానికి ఉంగరం తొడగడం ఎవరివల్లా కాదు.

ఉంగరం పట్టుకు లాగాను. కడ్డీ వెచ్చగా ఉంది.

"ఆయన నా మొగుడే. ఇచ్చెయ్!"

చల్లని బాయిలర్‌లో ఎవరో ఊపిరి పీల్చినట్టయింది. తర్వాత చిన్నగా, గోముగా ఒక కూత.

మా పడకగది దీపం వెలిగింది. కిటికీలోంచి డెస్మండ్ గొంతు, నేను ఏనాడో మరిచిపోయినంత మెత్తగా వినిపించింది.

"వస్తున్నా బంగారం."