పట్టీకి ఏడు బెజ్జాలు

"ఇంకో ఐదు కొట్టండి బాబాయ్."

బూట్ల తాత చేతిలో బెజ్జాలు కొట్టే పటకారు ఆగిపోయింది.

"ఇది కవచమా అమ్మాయ్, జల్లెడా? ఈ ఏటికొకటి, వచ్చే ఏటికొకటి, రెండు కొట్టాను. చాలదూ?"

"చాలదు. మొత్తం ఏడుండాలి. నడుం పట్టీకి. బయటి వైపుకి."

బల్ల మీద కవచం మెరుస్తోంది. చెప్పుల అడుగుకి వాడే రబ్బరు షీటును వేడి చేసి, వంచి, సొల్యూషన్‌తో అతికించి, పైన వెండి రంగు వేశాడు తాత. భుజాలకి సగానికి కోసిన ప్లాస్టిక్ బంతి. రొమ్ము మీద సైకిల్ వెనక దీపం. హెల్మెట్ మీద విరిగిన గొడుగు ఊచ. మెడ దగ్గర ఒరుసుకోకుండా లోపల మెత్తటి పాత బనీను గుడ్డ కూడా కుట్టాడు. అది ఎవరూ అడగలేదు.

కవచం గల ఆసామి, ఆరేళ్ళ చిట్టి, స్టూలు మీద కూర్చుని కాళ్ళు ఊపుతోంది. బళ్ళో నాటకంలో దానిది అంతరిక్ష సేనాని వేషం.

"తాతా, దీంట్లోకి లేజరు దిగుతుందా?"

"లేజరు సంగతి తెలీదు గానీ, వానలో తడిస్తే రంగు మాత్రం దిగుతుంది."

చిట్టి నవ్వింది. తల్లి నవ్వలేదు. బయట ఎండ కాస్తున్నా ఒంటి నిండా శాలువా కప్పుకుని నిలబడింది.

"చూడమ్మాయ్," అన్నాడు తాత. "పిల్లలు చూస్తుండగానే ఎదుగుతారు. వచ్చే ఏడు మళ్ళీ తీసుకురా, కొత్తది చేసిస్తా. నేనెక్కడికి పోతాను, ఇక్కడే ఏడుస్తుంటాగా."

"వచ్చే ఏడు కాదు బాబాయ్. ఇవాళే."

"పన్నెండేళ్ళొచ్చాక ఇది వేసుకుంటుందా ఎక్కడైనా? సిగ్గుతో చస్తుంది."

"వేసుకోకపోతే పోనీండి. పట్టాలి."

మొండిఘటం, అనుకున్నాడు తాత. మొన్నా ఇంతే. బకిల్ వెనక పెడితే చూడ్డానికి బాగుంటుందని ఎంత చెప్పినా వినలేదు. ముందుకే రావాలంది.

ఐదూ కొట్టాడు. ఆమె సంచిలోంచి పెన్ను తీసింది. ఎడమ చెయ్యి శాలువాలోనే ఉంచుకుని, కుడిచేత్తో ఒక్కో బెజ్జం పక్కన ఒక్కో అంకె వేసింది. ఆరు, ఏడు, ఎనిమిది... చివరిదాని పక్కన పన్నెండు. అంకెలు వంకర పోయాయి.

"ఇక వేసుకో చిట్టీ. నువ్వే."

చిట్టి కవచాన్ని తల మీంచి తొడుక్కుంది. అంతవరకు బాగానే ఉంది. నడుం పట్టీ దగ్గరే వచ్చింది చిక్కు. లాగితే బకిల్ జారుతోంది, బకిల్ పట్టుకుంటే పట్టీ జారుతోంది.

"అమ్మా, పెట్టవా?"

"ఊహూఁ. నువ్వే."

"రావట్లేదు."

"వస్తుంది. ముందు పట్టీ దూర్చి లాగు."

రెండోసారి వేలికి బకిల్ ముల్లు గుచ్చుకుంది. చిట్టి కింది పెదవి వణికింది. కళ్ళు నిండాయి. తాత ప్రాణం ఉసూరుమంది. లేచి చెయ్యి చాపాడు.

"వద్దు బాబాయ్!"

కొట్టంతా వినపడేలా అరిచిందామె. తాతకి ఒళ్ళు మండింది.

"పసిపిల్లమ్మా అది! ఒక్కసారి సాయం చేస్తే నీ చేతులేమైనా అరిగిపోతాయా?"

ఆమె చిట్టి ఎదురుగా నేల మీద చతికిలబడి, దాని కళ్ళలోకి చూస్తూ, మాటలతోనే నడిపించింది. "లాగావా? ఆఁ. బొటనవేలితో నొక్కి పట్టుకో. ఇప్పుడు ఆరు అంకె ఎక్కడుంది? దాంట్లోకి ముల్లు."

టక్.

"వచ్చింది! తాతా, వచ్చింది! నేనే పెట్టుకున్నా!"

చిట్టి కన్నీళ్ళు తుడుచుకోవడం కూడా మరిచి వీధిలోకి పరిగెత్తింది. ఎదుటి కొట్టు మెట్ల మీద కూర్చున్న ముసలాయన లేచి నిలబడి సెల్యూట్ కొట్టాడు. సేనాని కూడా కొట్టింది.

"ఏం తల్లివో ఏమో," తాత సణుగుతూ సామాను సర్దబోయాడు.

"పటకారు అప్పుడే పెట్టేయకండి బాబాయ్. ఇంకొక్కటి ఉంది."

"ఇంకెక్కడ మిగిలిందమ్మా చోటు?"

ఆమె శాలువాలోంచి ఎడమ చెయ్యి బయటికి తీసింది. వాచీ మోచేతి దాకా జారి ఉంది. అరచేతి వెనక, సూది గుచ్చిన చోట, ప్లాస్టరు. వాచీ తీసి బల్ల మీద పెట్టింది.

"దీనికి. లోపలి వైపుకి."

తాత తోలు పట్టీని వెలుగులోకి తిప్పాడు. దాని మీద కొత్త బెజ్జాలు మూడున్నాయి. మూడూ తను కొట్టినవే, నెలకొకటి చొప్పున. వచ్చిన ప్రతిసారీ, "తోలు కదమ్మా, సాగుతుంది," అని తనే చెప్పి పంపాడు.

తోలు సాగలేదు.

నాలుగో బెజ్జానికి చోటు కోసం చాలాసేపు చూశాడు. వరస అప్పటికే వాచీ అంచుదాకా వచ్చేసింది.

"అమ్మాయ్... లోపలికి ఇక చోటు లేదు."

ఆమె వీధిలోకి చూస్తోంది. అక్కడ చిట్టి పట్టీ విప్పి, మళ్ళీ తనే పెట్టుకుంటోంది.

"అయితే వదిలేయండి బాబాయ్. దానివి ఏడూ అయిపోయాయిగా."